చీనా విద్యార్థుల యాంగ్ల శ్రవణ పఠన పరీక్షలు

ఒక భాషను గ్రహించుటకు ద్వారములు రెండు. వ్రాఁత కంటితో గ్రహింపఁబడును. పలుకు చెవితో గ్రహింపఁబడును. మాతృభాషయందు ఈ రెంటి నడుమ నంతగా నెడము గానరాదు. శిశువు మొదట చెవితో భాష నంతయు నేర్చి, పిమ్మట లిపిని మాత్రమే క్రొత్తగా నేర్చును. పరభాషను బడిలోఁ బుస్తకమూలమున నేర్చువారి స్థితి యిందుకు విపరీతము. వారికి లిపి ముందు, ధ్వని వెనుక. పుటలకొలఁది చదివి తాత్పర్యము చెప్పఁగలవాఁడు అవే మాటలు ఎదుటివాఁడు పలికినపుడు తెల్లపోయి నిలుచుట తఱచుగాఁ జూచుచున్నదే. అట్టివాని భాషాజ్ఞానమును గొలువవలసివచ్చినపుడు దేనిని గొలువవలయును? కంటినా, చెవినా? రెంటిని గొలిచినచో నే పాళ్లలోఁ గలుపవలయును? చీనాభాష మాటలాడు ప్రదేశములలో నున్నత పాఠశాలల విద్యార్థులకు జరుగు నాంగ్లపరీక్షల చరిత్ర యీ ప్రశ్నలకు విస్తారమైన యుదాహరణము. 2024లో చీనాదేశపు విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షకు నమోదైనవారు 1 కోటి 34 లక్షలమంది. వారిలో మిక్కిలి యధికులు పరభాషగా నాంగ్లమునే కైకొందురు. కావున నిచ్చట నొక ప్రశ్న కూర్పులోని లోపము ఒక తరగతి గదిలో నణఁగిపోవునది కాదు.

చీనాలో నాంగ్లవిద్య క్రొత్తది కాదు. 1862లో పెకింగు నగరమునఁ దుంగ్‌వెన్ గ్వాన్ అను ప్రభుత్వ భాషాపాఠశాల యేర్పడి, రాయబారమునకు వలయు దుబాసీలను సిద్ధపఱచుటకై యాంగ్లబోధ నారంభించెను. ప్రాచీనములైన రాజోద్యోగ పరీక్షలు 1905లో రద్దయ్యెను. ఆ పరీక్షలలో నభ్యర్థి వ్రాసిన వ్యాసమే సర్వస్వము. చెవికిఁ బరీక్ష లేదు. వ్రాఁతకుఁ గల యీ గౌరవము పరీక్షలు పోయినను బోలేదు. సాంస్కృతిక విప్లవకాలమున నిలిచిపోయిన విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్ష 1977లో మరల నారంభమైనపు డాంగ్లమునకు దక్కిన చోటు స్వల్పము. తరువాతి యేండ్లలో నా మార్కులలోఁ గొంత భాగమును మాత్రమే మొత్తమునఁ జేర్చుచు, ఏఁటేఁటఁ బెంచుచు వచ్చి, 1983లోఁ బూర్తిగాఁ గలిపిరి. 1985లో గ్వాంగ్‌డాంగు రాష్ట్రమున గుయ్ షిచున్, లీ షియావోజు అను భాషాశాస్త్రజ్ఞుల పూనికతో శాస్త్రీయమైన ప్రమాణపరీక్ష ప్రయోగింపఁబడెను. ఐనను చెవిపరీక్ష యపు డందుఁ జేరలేదు. అది 1990 దశాబ్దపుఁ దుదను మొదలై, ఇరువదియొకటవ శతాబ్ది తొలియేండ్లలోఁ గాని దేశమున వ్యాపింపలేదు.

నేఁడు జాతీయ ప్రశ్నపత్రమున నాంగ్లమునకు మొత్తము 150 మార్కులు. అందు శ్రవణమునకు 30, పఠనమునకు 50. తక్కినవి ఖాళీలు పూరించుటకును వ్రాఁతకును జెందును. శ్రవణభాగమునఁ బ్రశ్నలు 20. మొదటి యైదు చిన్న సంభాషణములు. వీనిని ఒక్కమాఱే వినిపింతురు. తరువాతివి కొంచెము దీర్ఘములు. వీనిని రెండుమాఱులు వినిపింతురు. పరీక్ష మొదట నొక మాదిరి ప్రశ్న వినఁబడును. ఒక చొక్కా వెల యెంత యని యా ప్రశ్న. తొమ్మిది పౌనులు పదునైదు పెన్నీలు, కావున మూఁడవ జవాబును గుర్తింపుఁడని ధ్వనిముద్రిక తానే చెప్పును. పరీక్ష కేఁగిన చీనా యువకులలో నీ చొక్కా వెల యెఱుఁగనివాఁడు లేఁడు. వారిలో వారికిఁ బరిహాసోక్తిగాఁ గూడ నది చెల్లుచున్నది. తాము పుట్టి పెరిగిన యూర నెవ్వఁడును వాడని పరదేశపు నాణెమే పరీక్షకుఁ దొలిపలు కగుట యీ విద్య యే స్థితిలో నున్నదో తెలుపుచున్నది.

శ్రవణప్రశ్నలకు జవాబు లన్నియు నెన్నికజవాబులే: మూఁటిలో నొకటి గుర్తింపవలయును. ఇట నొక చిన్న గణితము చూడఁదగినది. చెవులు మూసికొని కన్నులు మూసికొని గుర్తులు పెట్టువానికిఁ గూడ సగటున నిరువదింట మూఁడవ పాలు, అనఁగా నాఱేడు ప్రశ్నలు, సరిపడును. ప్రశ్న కొకటిన్నర వంతున 30 మార్కులలో 10 మార్కులు వానివే. పఠనభాగమున నాలుగేసి జవాబు లుండుటచే నట్టి యదృష్టము నాలుగవ పాలికిఁ దగ్గును. అందుచేఁ బఠనమున 10 మార్కులు వచ్చినవానిని, శ్రవణమున 10 మార్కులు వచ్చినవానిని సమానముగాఁ జూచుట పొరపాటు. పఠనమునం దొక విశేషమైన ప్రశ్నరూపము కలదు. ఒక వ్యాసమునుండి యైదు వాక్యములు తొలఁగించి, ఏడు వాక్యములు క్రిందఁ జూపి, ఏది యెచ్చటిదో పూరింపు మందురు. రెండు వాక్యములు వట్టి మోసపు వాక్యములు. పదముల యర్థము తెలిసిన మాత్రమున నిది సాధ్యము కాదు. వాక్యమునకు వాక్యమునకుఁ గల యనుబంధమును బట్టుకొనవలయును. పఠనశక్తిని గొలుచు రూపములలో నిది మేలైనది.

చీనావారి చెవి కాంగ్లమేల కష్టమగునో తెలిసికొనుటకు ధ్వనివిచారము కొంత యావశ్యకము. మాండరిన్ భాషయందుఁ బదము తుద నుండఁదగిన హల్లులు మిక్కిలి కొలఁది. ప్రధానముగా నకారమును, కంఠ్యమైన యనునాసికమును మాత్రమే. కాంటనీసు భాషయందు మకారమును, ప-త-క లును గూడ నుండును. కాని యీ ప-త-క లు పెదవిగాని నాలుకగాని మూసికొని నిలిచిపోవుటయే కాని పేలినట్లు వినఁబడవు. సంయుక్తాక్షరములు రెంటను లేవు. ఇంక నాంగ్లమునఁ బదాంతమందు హల్లులు గుంపులు గుంపులుగా వచ్చును. అంతియ కాదు, వ్యాకరణమంతయు నా పదాంతముననే వ్రేలాడుచున్నది. భూతకాలమును దెలుపు 'డ్', బహువచనమును దెలుపు 'స్' పదము చివర నొక చిన్న శబ్దములు. చీనాక్రియకుఁ గాలభేదమునఁ దుది మాఱదు. 'నిన్న', 'రేపు' అను మాటలును, కొన్ని యవ్యయములును గాలమును దెలుపును. కావునఁ జీనా విద్యార్థి చెవి యా చివరి 'డ్'ను వెదకుట కలవాటుపడినది కాదు. అదియే వాక్యము కాగితముపై నున్నచో నక్షరములు కంటి కెదురుగా నిలిచి కాలమును దెలుపును. ఒక్కటే వ్యాకరణాంశము పఠనపరీక్షలో సులభమై, శ్రవణపరీక్షలో దుర్గమమగుటకు హేతు విది. అజంతభాషయైన తెనుఁగు మాటలాడువా రాంగ్లపదము తుద కొక యచ్చును జేర్చి 'బస్సు', 'బుక్కు' అని తమకు సుకరము చేసికొనిరి. చీనావారి చెవి యా హల్లును బలుమాఱు విననే వినదు. ఇది శక్తిలోపము కాదు, అభ్యాసభేదము.

సర్వనామముల సంగతి యింతకంటె వింతయైనది. మాండరిన్‌లో 'అతఁడు', 'ఆమె' రెంటికిని ధ్వని యొక్కటే: 'తా'. వ్రాఁతలో మాత్రము స్త్రీకి వేఱు లిపిచిహ్నము కలదు. అదియును బ్రాచీనము కాదు. 1920 ప్రాంతమున ల్యూ బన్‌నుంగ్ అను కవి, భాషాశాస్త్రజ్ఞుఁడు, పాశ్చాత్యగ్రంథముల భాషాంతరీకరణమునకు ననుకూలముగా స్త్రీ సూచకమైన చిహ్నమును వాడుకలోనికిఁ దెచ్చుటకుఁ బాటుపడెను. కాఁబట్టి యీ భేదము చీనాపాఠకుని కంటికిఁ గలదు, చెవికి లేదు. ఆంగ్లసంభాషణమున 'హి', 'షి' అను చిన్న మాటలు వడిగా దొరలిపోవునపుడు ఎవరు ఎవరితో నేమనిరో విద్యార్థికి దాఱుమాఱగుట యాశ్చర్యము కాదు. శ్రవణప్రశ్నలు కూర్చువారు 'ఆమె యేమి చేయఁబోవును?' అని యడుగుచుందురు. ఆ ప్రశ్న సంభాషణమును గ్రహించెనా యని పరీక్షించుచున్నదో, సర్వనామమును గ్రహించెనా యని పరీక్షించుచున్నదో కూర్చినవారికే యొక్కొక్కప్పుడు తెలియదు.

సంఖ్యలును నట్లే. చీనాభాష పదివేలను నొక మానముగాఁ గొని లెక్కించును; ఆంగ్లము వేయిని మానముగాఁ గొనును. 'మూఁడువందల యేఁబది వేలు' అని యాంగ్లమున విన్నవాఁడు దానిని 'ముప్పదియైదు పదివేలు' అని లోలోపల మార్చుకొనవలయును. మూఁడున్నర లక్షలని మార్చుకొను తెలుఁగువిద్యార్థి కీ చిక్కు చెప్పక తెలియును. మార్చుకొనుచుండఁగనే తరువాతి వాక్యము దాఁటిపోవును. చదువునపుడు అంకెలు అంకెలుగానే యుండును. కావున నీ కష్టమే లేదు.

వాక్యరచనలో విశేషణవాక్యపు స్థాన మొక్కటి చెప్పవలసియున్నది. 'నిన్న వచ్చిన మనుష్యుఁడు' అని తెలుఁగున విశేషణము ముందును, విశేష్యము వెనుకను నుండును. చీనాభాషలోను నంతే. ఆంగ్లమున మనుష్యుఁడు ముందు వచ్చి, అతఁడు నిన్న వచ్చినవాఁడను మాట వెనుక వచ్చును. దీర్ఘవాక్యములఁ జదువునపుడు చీనాపాఠకుఁడు చూపును వెనుకకుఁ ద్రిప్పి విశేష్యమును మరలఁ బట్టుకొనఁగలఁడు. చెవికి వెనుకకుఁ ద్రిరుగుట లేదు. ఈ యొక్క భేదమే శ్రవణ పఠనములను వేఱు విద్యలనుగాఁ జేయుచున్నదనినఁ దప్పులేదు.

1986లో గఫ్, టన్మర్ అను పండితులు పఠనమునకు నొక సూత్రము చెప్పిరి. లిపిని ధ్వనిగా విప్పు శక్తిని, విన్నదానిని గ్రహించు శక్తితో గుణించినచో వచ్చునది పఠనగ్రహణ మని దాని భావము. కూడిక గాదు, గుణకారము. రెంటిలో నొకటి సున్న యైనచో ఫలము సున్న. మాతృభాష చదువు శిశువుల కిది చక్కగాఁ బొసఁగుచున్నది. చీనా విద్యార్థి యాంగ్లమును జదువునపుడు ధ్వనిని దాఁటి, పదమును బటమువలెఁ జూచి యర్థమును బట్టుట కలదు. అందుచే వినుటలో దుర్బలుఁడైనవాఁడును జదువుటలో బలవంతుఁడు కావచ్చును. తన లిపి నేర్చిన తెఱఁగు దీనికిఁ గొంత కారణమని యూహింపఁబడినది. చీనాదేశపు ప్రధానభాగమున బాలురకు 1958లో నామోదింపఁబడిన పిన్‌యిన్ అను రోమను వ్రాఁతతోఁ జీనాలిపి నేర్పుదురు. తైవానులో ధ్వనిచిహ్నములు వేఱుగాఁ గలవు. హాంకాంగులో నట్టి ధ్వనిసాధనము లేకయే లిపిచిహ్నమును జూచి పలుకుట యలవాటు. 1996లో హోమ్, డాడ్ అనువారు ఆస్ట్రేలియాలోఁ జదువు విశ్వవిద్యాలయ విద్యార్థులను బరీక్షించి, హాంకాంగునుండి వచ్చినవారు తెలిసిన యాంగ్లపదములను జక్కగాఁ జదివియు, అర్థము లేని కల్పితపదములను జదువుటలోను వ్రాయుటలోను దక్కినవారికంటె వెనుకఁబడిరని చూపిరి. క్రొత్త మాటను చెవితో విని యక్షరములుగాఁ దలఁచుకొనుట వారికిఁ గష్ట మయ్యెనని దీనివలనఁ దెలియుచున్నది. పరీక్షింపఁబడినవారి సంఖ్య చిన్నది. ఐనను విషయము చిన్నది కాదు.

హాంకాంగు పరీక్షావిధానము ప్రత్యేకముగాఁ జూడఁదగినది. 2012లో మొదలైన యున్నతవిద్యా పరీక్షలో నాంగ్లపఠనమునకు నూటికి 20, శ్రవణముతోఁ గూడిన సమ్మిశ్ర కార్యములకు 30 పాళ్లు. ఇట శ్రవణమునకే యధికప్రాధాన్యము! ధ్వనిముద్రికను ఒక్కమాఱే వినిపింతురు. బహుకాలముగా నిది రేడియోలో ప్రసార మగుచున్నది. విద్యార్థి తన రేడియోను, చెవిగొట్టములను దానే తెచ్చుకొనవలయును. యంత్రము చెడినవారికై ప్రత్యేకమైన గది యుండును. కొన్ని కేంద్రములలో రేడియోకు బదులుగాఁ గంటికిఁ గానరాని కిరణములతో ధ్వనిని బంపు సాధన మమరింపఁబడినది. ప్రశ్నల నడుమ విరామములలో 'గ్రీన్‌స్లీవ్స్' అను ప్రాచీనాంగ్లగీతపుఁ బాట వినిపింతురు. మధురమైన యా పాట హాంకాంగు యువకులకుఁ బరీక్షాభయమునే జ్ఞప్తికిఁ దెచ్చుచున్నది. పాటకుఁ బట్టిన దురదృష్ట మది.

రెండవభాగమున విద్యార్థి విన్నదానిని, ఇచ్చిన కాగితములలోఁ జదివినదానిని గలిపి, లేఖయో నివేదికయో వ్రాయవలయును. ఉద్యోగములో జరుగునది యిదియే కావున నీ పద్ధతి స్వాభావిక మని చెప్పుదురు. కాని దీనిలో నొక చిక్కు కలదు. వ్రాఁతలోఁ దప్పినవాఁడు విననందునఁ దప్పెనా, చదువనందునఁ దప్పెనా, వ్రాయనేరక తప్పెనా? మార్కు చూచి చెప్పవలనుపడదు. పరీక్ష జీవితమునకుఁ జేరువైనకొలఁది నిర్ణయమునకు దూర మగుచున్నది. పఠనపత్రమున నింకొక యేర్పాటు కలదు. మొదటిభాగ మందఱకు నొక్కటే. రెండవభాగమున సులభమైన దానినో కఠినమైన దానినో విద్యార్థి తానే యెన్నుకొనును. సులభమైనదాని నెన్నుకొన్నవానికి నా పత్రమున నాలుగవ మెట్టుకంటె నెక్కుడు రాదు. తన బలమును దానే తూచుకొనవలసిన యీ క్షణము పదునేడేండ్లవానికిఁ బ్రశ్నలకంటె బరువైనది.

శ్రవణపరీక్ష శుద్ధమైన శ్రవణపరీక్ష యగుట యరుదు. ప్రశ్నలును జవాబులును కాగితముపై నాంగ్లముననే యుండును. ధ్వని వినఁబడుటకు ముందు కొలఁదిక్షణములలో వానిని జదువవలయును. కావున వేగముగాఁ జదువువాఁడు వినుటలోను ముందుండును. ఇఁకఁ బ్రశ్నకూర్పులో నింకొక రహస్యము: మూఁడు జవాబులలోని మాటలును ధ్వనిముద్రికలో వినఁబడునట్లు చేయుదురు. ఉదాహరణమునకు, గ్రంథాలయ మెన్నిగంటలకు మూయుదురని ప్రశ్న. ఉద్యోగి, మామూలుగా నేడు గంటలకనియు, శనివారమున నాఱింటికనియు, నేఁడు మరమ్మతు లుండుటచే నైదున్నరకే యనియుఁ జెప్పును. ఒక్కొక్క మాటను జిక్కించుకొన్నవానికి మూఁడును సరియైనట్లే తోఁచును. 'నేఁడు' అను మాటను దానితో నన్వయించినవాఁడే గట్టెక్కును. ఇది సమంజసమైన ప్రశ్న. కాని, నేరుపులేని చేతఁ బడినచో నిట్టిదే వట్టి జ్ఞాపకశక్తికిఁ బరీక్షయై పోవును.

పఠనపరీక్షలోను మాలిన్యములు లేకపోలేదు. వ్యాసమును జదువకయే లోకజ్ఞానముచే జవాబు చెప్పఁదగిన ప్రశ్న లుండును. చీనాపాఠశాలలలోఁ బదములపట్టికలను వల్లించు నభ్యాసము ప్రబలముగా నుండుటచేఁ గొన్ని ప్రశ్నలు పఠనమును గాక పదసంచయమును గొలుచును. పరీక్ష యెట్లున్నదో బోధ యట్లుండును. హాంకాంగులో 1996లోఁ బరీక్షారూపము మార్చినపుడు బోధ యేమి మాఱెనో లియింగ్ చెంగ్ అను విదుషి పరిశోధించి, 2005లో గ్రంథముగాఁ బ్రకటించెను. పాఠ్యపుస్తకములును దరగతిలోని కార్యములును వేగముగా మాఱెను. ఉపాధ్యాయుఁడు బోధించు తీరు మాత్రమంతగా మాఱలేదని యామె తేల్చినది. పరీక్ష ఏమి బోధింపవలయునో శాసింపఁగలదు గాని యెట్లు బోధింపవలయునో శాసింపఁజాలదన్న మాట.

తైవానులో ననుభవము వేఱు. మాధ్యమికవిద్య ముగించువారికి 2014లో మొదలైన పరీక్షలోఁ దొలియేఁట శ్రవణభాగమును నడపియు లెక్కింపలేదు. 2015 నుండి పఠనమునకు 80, శ్రవణమునకు 20 పాళ్లుగాఁ గలిపిరి. ఒక యేఁడు చూచి పిమ్మటఁ గలుపుట వివేకమైన పని.

ఇట్టి వివేకము లేకున్న నేమగునో జెజియాంగు రాష్ట్రపు వృత్తాంతము తెలుపుచున్నది. అచ్చట సంస్కరణములో భాగముగా నాంగ్లపరీక్షను ఏఁడాదికి రెండుమాఱులు వ్రాసి, మేలైన మార్కును నిలుపుకొను నవకాశము 2016 నుండి కల్పింపఁబడెను. రెండుమాఱులు జరుగు పరీక్షలకు సమానమైన కాఠిన్య ముండవలయును. దాని నేర్పఱచుటకుఁ బండితు లెఱిఁగిన మార్గము, కొన్ని ప్రశ్నలను ముందుగా వేఱువారిపైఁ బ్రయోగించి కాఠిన్యమును గ్రహించుట, లేక రెండు పత్రములలోను గొన్ని ప్రశ్నలను సమానముగా నుంచుట. ప్రవేశపరీక్ష ప్రశ్నలు రాజరహస్యములవలెఁ గాపాడఁబడును గనుక నీ మార్గములు రెండును మూసికొనిపోయినవి. 2018 నవంబరులో జరిగిన పరీక్ష మునుపటికంటెఁ గఠినముగా నుండెను. అధికారులు ఫలితములు ప్రకటించునపుడు కొన్ని ప్రశ్నల విలువను కాఠిన్యము ననుసరించి మార్చి మార్కుల నిచ్చిరి. ముందుగాఁ జెప్పని యీ మార్పుచే, సరియైన జవాబులు సమముగా వ్రాసినవారికి మార్కులు సమముగా రాలేదు. తల్లిదండ్రు లాందోళన చెందిరి. ప్రభుత్వము విచారణ జరిపి, ఇది నిర్ణయములోని ఘోరమైన తప్పిదమని డిసెంబరు 5వ తేదిని బ్రకటించి, సవరించిన మార్కులను రద్దుచేసి, తొలిమార్కులనే నిలిపెను. బాధ్యుఁడైన విద్యాశాఖాధిపతి పదవిని గోల్పోయెను. ఉద్దేశము సమానత్వమే, కాని కొలమానమును గొలిచిన పిమ్మట మార్చుట యెవ్వరికిని సమ్మతము కాలేదు.

పల్లెటూళ్ల విద్యార్థుల సంగతి వేఱొకటి. పుస్తక మెచ్చటనైన నొక్కటే. ధ్వని యట్లు కాదు. చెడిన శబ్దయంత్రము గల బడిలోఁ జదివినవానికిని, నగరములోఁ బరదేశోపాధ్యాయుని విన్నవానికిని శ్రవణము సమానమైన యవకాశము గాదు. అందుచేఁ గొన్ని రాష్ట్రములు చాలకాలము శ్రవణభాగమును నడపియు దాని మార్కులను మొత్తమునఁ గలుపలేదు. కలుపకున్న బోధింపరు, కలిపిన బీదవారు నష్టపడుదురు. గ్వాంగ్‌డాంగు రాష్ట్రము 2011 నుండి వినుటను మాటలాడుటను గంప్యూటరుమీఁదఁ బరీక్షింప నారంభించెను. పెకింగు నగరము 2021 ప్రవేశపరీక్షనుండి యీ పద్ధతినే యవలంబించి 150లో 50 మార్కులు కేటాయించినది. ధనము గల నగరములకిది సాధ్యము. తక్కినవాని కింకను గాలేదు.

2018లోఁ జీనాప్రభుత్వము తొమ్మిది మెట్లుగల యాంగ్లసామర్థ్య ప్రమాణపట్టికను బ్రకటించెను. అందు వినుటకును జదువుటకును వేఱు వేఱుగా లక్షణములు వ్రాయఁబడినవి. ప్రవేశపరీక్ష ఫలితమున మాత్రము విద్యార్థి చేతికి వచ్చునది 150లో నొక్క సంఖ్య. హాంకాంగు ఫలితపత్రమున వినుట, చదువుట మొదలగువానికి వేఱువేఱుగా మెట్లు చూపఁబడును. కాని విశ్వవిద్యాలయమునఁ బ్రవేశించుటకు సామాన్యముగాఁ జూడఁబడునది మొత్తముమీఁద మూఁడవ మెట్టు వచ్చెనా లేదా యనుటయే.